పన్ను సలహా కేంద్రం

హన్మకొండ చౌరస్తాల చెప్పుల దుకాణం మీద మా ఆఫీసు.
పదిహేడు మెట్లు. తొమ్మిదో మెట్టు విరిగింది,
సేట్లు ఎక్కేటప్పుడు నేనే ముందుగాల ఉరికి చెప్పాలె.
జూలై నెల, రిటర్నుల కాలం.
ఫ్యాను గాలికి ఫైళ్లు లేవకుండ
ఒక్కోదాని మీద ఒక్కో గ్రానైటు ముక్క.
ఆ ముక్కలు గూడ ఓ సేటు ఇచ్చినయే.

ఆమె ఎక్కొచ్చింది, కొంగు దవడకు అదిమి పట్టుకొని.
ఓదెమ్మ. ఎనుమాముల యార్డుల మిర్చి తొడిమెలు తీస్తదట.
వేళ్ల సందుల ఎరుపు, ఎన్ని సబ్బులకూ పోని ఎరుపు.
ఆమె రాంగనే ముగ్గురం తుమ్మినం.
"బోర్డు మీద పన్ను అని ఉన్నదని మా మనుమడు సదివిండు.
పీకుతరా బిడ్డా? ఎంత తీసుకుంటరు?"

భద్రయ్య సారు నవ్విండు. పురుషోత్తం సేటు నవ్విండు,
నవ్వితే వెనుక దవడల బంగారం మెరిసింది.
నేను నవ్విన్నో లేదో యాదికి లేదు.
నవ్వే ఉంట.

"గిది వేరే పన్నవ్వా. సర్కారుకు కట్టేది."
"గట్లనా," అని కూలబడ్డది
ఆయాసం తీరెదాక.

సారు ఆగిన మాట మళ్లందుకున్నడు:
గొలుసుకట్టు చెరువుల లెక్కనట దేశం,
మీది చెరువు నిండి అలుగు దుంకితెనే
కింది చెరువుకు నీళ్లట,
మీదోళ్ల మీద పన్ను తగ్గియ్యాలెనట.
సేటు తలూపిండు.
ఆ అలుగును ఏటేటా ఓ ఇటుక ఎత్తు లేపే మేస్త్రిని
నేనే. నెలకు పద్నాలుగు వేలు.

సేటుకు కోల్డ్ స్టోరేజీలు రెండు, రెంటి మీద నష్టమే.
మా కాగితాల ఆయన రైతు.
సరి చూసుకోనీకె పైకి చదువుతున్న:
బొల్లిగుట్టపల్లె, ముప్పై ఎనిమిది ఎకరాలు, మిర్చి,
వ్యవసాయ ఆదాయం, పన్ను వర్తించదు.

ఓదెమ్మ తలెత్తింది.
"బొల్లిగుట్టపల్లెనా? మా తల్లిగారూరే.
గుట్ట కిందిదా? గాడ మిర్చేంది బిడ్డా,
పల్లేర్లు సుత మొలవయి.
మేకలు గూడ అటు మొఖాన పోవు.
ఏమన్న మందేసిండ్రా?"

ఫ్యాను తిరిగింది. సేటు ఫోను చూసుకున్నడు.
సారు నా దిక్కు చూసిండు,
మనసుల చదువుకోరాదా అన్నట్టు.

"నేనైతే సర్కారుకు ఏం కట్టలే నాయనా,
నాకేమున్నది కట్టనీకె," అన్నదామె
తప్పు ఒప్పుకున్నట్టు.
నోరు ఊకోలేదు నాకు. చలాను ఎనుక రాసిన:
పండ్లపొడి, సబ్బు, ఫోన్ల బ్యాలెన్సు,
నొప్పి గోలీ, కాలికి చెప్పులు,
వానకు కప్పుకునే కవరు,
అన్నింట్లకెళ్లి ఇంతింత పోతదని.
ఏడాదికి అంకె చెప్పిన.
ఆమె వేళ్ల కణుపుల మీద
దాన్ని కూలి దినాలు చేసుకున్నది.
"పదకొండు దినాలు
నేను సర్కారుకు మిర్చి ఏరిన్నా?"

కోపం గాదు. కొంచెం గర్వం గూడ.
అదే నాకు మింగుడు పడలే.

"మరి నా రసీదేది?"

అప్పుడే ప్రింటరు గురగురమన్నది.
కాగితం ఇంకా వేడిమీదున్నది, ఆమెనే అందుకున్నది.
అక్షరాలు రావు. అంకెలొస్తయి,
తూకం కాడ నేర్చినయి.
కట్టవలసిన పన్ను ఎదురుంగ
ఒక్కటే గుండు సున్న.
"గిది నాదా?"
"కాదవ్వా. సేటుది."

చేతులకెళ్లి గుంజుకుంటే
అంచు మీద ఎర్రటి వేలిముద్ర.
తుడిచిన వేలితోని కన్ను నలుపుకున్న,
సాయంత్రందాక మండింది.

పండ్ల డాక్టరు మూడో గల్లీల అని చెప్పిన.
తొమ్మిదో మెట్టు సంగతి చెప్పుడు మరిచిన.
యాదికొచ్చి ఉరికేసరికి
గోడ పట్టుకొని, కాలితో తడిమి చూసుకొని
ఎవ్వలు చెప్పకుండనే
దాటిపోయింది.